చదివినవాళ్ళ జాబితా

తిరునిన్రవూరు,
ఫిబ్రవరి 4.

చెల్లెలు ధనమ్మకు,

నటరాజ్ రాయునది. ఇక్కడ నేను, మీ వదిన కన్నమ్మ క్షేమం. అక్కడ నీవు, మీ ఆయన, పిల్లలు బాగున్నారని తలుస్తాను.

మొన్న గురువారం పొద్దున అంబత్తూరుకు డ్యూటీకి పోతూ లోకల్ రైల్లో కిటికీ పక్కన కూర్చొని ఫోను తీశాను. 'మన తెలుగు బడి' వాట్సాప్ గ్రూపులో రాయడానికి లేదు. నేను సభ్యుణ్ణి కానని చూపించింది. నీకు ఫోను చేస్తే పోలేదు. మెసేజి పెడితే ఒక్క టిక్కు దగ్గర నిలిచిపోయింది. బ్లాక్ చేశావని తెలిసింది. అందుకే పోస్టాఫీసుకు పోయి ఈ కవరు కొన్నాను. కవరును బ్లాక్ చేయలేవు కదా.

మూడేళ్ళ కిందట నువ్వు ఈ గ్రూపు పెట్టినప్పుడు మన బడిలో చదివిన ఎంతమందిని వెతికి చేర్చానో నీకు తెలుసు. ఎవరెవరి నంబర్లకో ఎవరెవరినో బతిమాలాను. ఇప్పుడు నన్నే గేటు బయట నిలబెట్టావు. నేను బూతులు రాశానా? అప్పు అడిగానా? మన బడి రేకుల షెడ్డు గాలికి ఏ సంవత్సరం కూలిందో ఏలుమలై తప్పు రాస్తే సరిచేశాను. చిన్నవాళ్ళు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తుంటే మన అక్షరాల్లో రాయమన్నాను. ఇది తప్పయితే బడికి పోయిందే తప్పు.

ఆ చివరి మాట సంగతి అంటావేమో. ఎవరినీ పేరు పెట్టి అనలేదు. లోకంలో ఉండేదే రాశాను.

తిరిగి చేర్చు. చేర్చకపోతే కారణం చెప్పు. ఇంకొకటి కూడా. నేను కనిపించలేదని గ్రూపులో ఎవరైనా అడిగారా? అడిగి ఉంటే ఎవరో పేర్లు రాయి.

ఇట్లు,
నటరాజ్


పళ్ళిపట్టు,
ఫిబ్రవరి 15.

నటరాజన్నకు నమస్కారం.

నీ కవరు అందింది. పోస్ట్‌మాన్ మా జెరాక్స్ షాపులో అందరి ముందూ "ఎవురమ్మా ఇంత లావు జాబు రాసినారు?" అని నవ్వినాడు. నేను కూడా కాగితం మీదే రాస్తున్నాను. ఫోనులో అయితే నేను సగం చెప్పేలోపల నువ్వు నాలుగు జవాబులు పెడతావు. కాగితమైతే చివరిదాకా చదవక తప్పదు.

కారణం అడిగావు కాబట్టి చెబుతున్నాను. జనవరిలో ఒక్క రోజు నువ్వు నలభై మూడు మెసేజీలు పెట్టావు. షెడ్డు కూలింది ఎనభై నాలుగా, ఎనభై అయిదా అని. ఏలుమలై "సరి అన్నా, నీదే రైటు" అని ఒప్పుకున్న తర్వాత కూడా నువ్వు ఆపలేదు. ఆ వారం పదకొండు మంది గ్రూపు విడిచి పోయారు. తిరుత్తణిలో ఉన్న మన రఘు నాతో పాటు అడ్మిన్ కదా, వాడు పండగకు ముందే "ఆ మనిషిని తీసెయ్యక్కా, లేదంటే నన్ను తీసెయ్" అన్నాడు. నేనే ఆపాను.

నిన్ను ఊరికే తీసేయలేదు. ముందు నీతో విడిగా మాట్లాడాను. ఆ తర్వాత శనివారాల పని నీకు అప్పగించాను, వారానికొక పంతులు గురించి రాయమని. డ్రిల్లు మాస్టారు గురించి నువ్వు రాసింది చదివి మా ఆయన, తమిళ మీడియంలో చదివిన మనిషి, నాతో రెండుసార్లు చదివించుకున్నాడు. అంత బాగా రాయగలవు. మూడో శనివారం ఆ చోటును కూడా జగడానికి వాడుకున్నావు. రెండు రోజులు గ్రూపు మొత్తానికి తాళం వేశాను. తెరిచిన పూటే ఆ మాట రాశావు.

"తల్లి చచ్చిపోయినా తిరిగి చూడనోళ్ళు గూడా ఈ గ్రూపులో కూర్చొని పాత ఫొటోలు చూస్తా ఉండారు."

నాలుగు నిమిషాల్లో తుడిచేశాను. అప్పటికే అరవై ఒక్క మంది చూశారు. పేరు పెట్టలేదంటావు. పేరు అక్కర్లేదన్నా. మన ఊరివాళ్ళకు అది ఎవరి గురించో తెలుసు. నాకూ తెలుసు. నేను ఆమె పక్కన బెంచీ మీద అయిదేళ్ళు కూర్చున్నదాన్ని.

ఎవరైనా అడిగారా అన్నావు. ఇద్దరు అడిగారు. నువ్వు తెలుసుకోవాలనుకున్న పేరు వాళ్ళలో లేదు.

ధనమ్మ


తిరునిన్రవూరు,
మార్చి 3.

చెల్లెలు ధనమ్మకు,

నీకు తెలుసు అన్నావు కాబట్టి ఇక దాచను.

గ్రూపులో ఎస్తేర్ అని ఉన్నది నా తోడబుట్టిన చెల్లెలు మునియమ్మే. ఇంటికి చెప్పకుండా మింజూరు పోయి, దేవాను చర్చిలో పెళ్ళి చేసుకొని, పేరు మార్చుకొని ముప్పై ఏళ్ళయింది. అప్పటి నుంచి మా ఇద్దరికీ మాటలు లేవు. రెండేళ్ళ కిందట నువ్వు ఆమెను గ్రూపులో చేర్చిన రోజు నంబరు పక్కన ఆ పేరు చూశాను. ఫొటోలో ఆమె లేదు, మల్లెతీగ ఉంది. అయినా ఎవరో తెలిసిపోయింది.

ఆమె ఒక్క అక్షరం రాయలేదు. అందరూ పలకరించినా చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టలేదు. కానీ చదువుతుంది. అది నాకెట్లా తెలుసంటే, మనం పెట్టిన మెసేజి మీద వేలు అదిమి పట్టుకుంటే ఎవరెవరు చదివారో, ఎన్ని గంటలకు చదివారో జాబితా వస్తుంది. ఫ్యాక్టరీలో ఒక పిల్లవాడు చూపించాడు. ఆ రోజు నుంచి నాకు అదే పని. పొద్దున రైల్లో ఏదో ఒకటి రాసేవాణ్ణి. ఆవడి స్టేషను దాటేలోపల జాబితా తెరిచి చూసేవాణ్ణి. ఎస్తేర్, 6.52. ఆ పేరు కనబడితే ఆ పూటకు చాలు. ఈ నిమిషంలో అది కూడా లేచింది, ఫోను చేతిలో పట్టుకుంది, నేను రాసినది చదివింది అనుకొనేవాణ్ణి. ముప్పై ఏళ్ళలో నాకు దొరికింది అంతే ధనమ్మా.

మామూలు సంగతులు రాస్తే ఆమె ఏ సాయంకాలమో చూసేది. ఒక్కోసారి మర్నాటికి. నేను ఎవరితోనైనా జగడమాడితే మాత్రం వెంటనే చూసేది. ఏలుమలైతో షెడ్డు గొడవ నడిచిన రోజు నలభై మూడు మెసేజీలూ రెండు నిమిషాలు దాటకుండా చదివింది. ఒక రోజంతా మేమిద్దరం ఒక ఇంట్లో ఉన్నట్టుండింది నాకు. ఆ రోజును ఆపడానికి మనసు రాలేదు.

ఆ చివరి మాట కోపంతో రాసింది కాదు. అప్పుడైనా ఎదురు తిరిగి నన్ను తిడుతుందేమోనని రాశాను. అమ్మ చావుకు ఆమె రాలేదన్నది మాత్రం అబద్ధం కాదు.

నన్ను చేర్చు. జగడమాడను. రోజుకొక్కటి రాస్తాను, రెండు వాక్యాలే. అసలు రాయకుండా ఉంటానని మాత్రం అనలేను. నేను రాయకపోతే నాకు జాబితా లేదు.

నటరాజ్


పళ్ళిపట్టు,
మార్చి 24.

నటరాజన్నకు,

నీ జాబు చదివి షాపు షట్టరు సగం దించుకొని కూర్చున్నాను. నేను నిన్ను ఊరికే మాట పట్టింపు మనిషివనుకున్నాను. జవాబు రాయడానికి మూడు వారాలు పట్టిందంటే అందుకే.

నీకు ఒక సంగతి చెప్పాలి. చెబితే బాధపడతావు, చెప్పకపోతే మోసం చేసినదాన్ని అవుతాను. నిన్ను తీసేసిన అయిదో రోజు మునియమ్మ గ్రూపులో మొదటిసారి రాసింది. తెలుగు అక్షరాల్లో, తప్పుల్లేకుండా, పెద్దగానే రాసింది. అందరూ దాని చుట్టూ మూగారు. ఇప్పుడు రెండు మూడు రోజులకొకటి రాస్తోంది. రెండేళ్ళు అది ఎందుకు మాట్లాడలేదో నీకు నేను వేరే చెప్పక్కర్లేదు.

నిన్ను ఇప్పుడు చేరిస్తే ఏమవుతుందో ఆలోచించు. గ్రూపులో రెండు వందల మంది ఉన్నారు. అడ్మిన్ అంటే గట్టిగా అరిచేవాళ్ళను బయటికి పంపేది మాత్రమే అనుకున్నాను ఇన్నాళ్ళూ. అరుపు ఆగితే గానీ నోరు విప్పనివాళ్ళు ఎంతమంది కూర్చొని ఉన్నారో నాకు తెలియలేదు.

ఒక్క మాట అడుగుతాను. మీ అమ్మ పోయినప్పుడు మునియమ్మకు కబురు పంపింది ఎవరు? ఏ రోజు పంపారు?

ధనమ్మ


తిరునిన్రవూరు,
ఏప్రిల్ 2.

ధనమ్మా,

ఏమి రాసింది?

అంతా వద్దు. ఒక్క వాక్యం పంపు. బడి గురించా, అమ్మ గురించా? నా పేరు ఏమైనా వచ్చిందా? దాని చేతిరాత గుండ్రంగా ఉండేది, ఫోనులో అదెట్లాగూ కనబడదు. కనీసం మాటలు చూస్తాను. నీ ఫోనులో ఫొటో తీసి జెరాక్స్ మిషనులో పెట్టి ఈ కవరులోనే పెట్టు. ఎవరికీ తెలియదు. నీకు పుణ్యముంటుంది.

నటరాజ్


పళ్ళిపట్టు,
ఏప్రిల్ 30.

నటరాజ్ గారికి,

గ్రూపులో ఎవరైనా రాసినది గ్రూపు దాటి బయటికి పోకూడదన్నది మొదటి రోజు పెట్టుకున్న నియమం. దాన్ని నేను మీ కోసం తప్పలేదు. తప్పనని ఒక కార్డు ముక్క అప్పుడే రాసి ఉండాల్సింది. ఆలస్యం చేశాను. ఆ సందులో మీరు చేసిన పని మాత్రం నేను ఊహించలేదు.

ఏప్రిల్ పదిన లింకు ద్వారా 'కన్నమ్మ, 1991 బ్యాచ్' అని ఒకరు చేరారు. ఊరి పేరు సరిగ్గా చెబితే, ఆ పేరువాళ్ళు మన వైపు చాలామంది కదా అని నమ్మి రానిచ్చాను. తొమ్మిది రోజులు చడీచప్పుడు లేదు. పదో రోజు గోకుల్ అనే పిల్లవాడు 'గ్నాపకం' అని రాశాడు. ఒక్క నిమిషంలో కన్నమ్మ గారు జవాబిచ్చారు. "'జ్ఞ' రాయాలి నాయనా. జకారానికి కింద ఞ. మన బడి పరువు తీయొద్దు."

వదిన ఫోను తీసుకొని ఆమె పేరుతో వచ్చారు. ఆమెకు చెప్పే చేశారో లేదో నాకు తెలియదు.

నాకంటే ముందు మునియమ్మ పట్టింది. వెంటనే ఫోను చేసింది. మీ పేరు ఎత్తకుండా, "ధనా, ఆయప్ప మళ్ళీ వచ్చుండాడు. ఈ పది దినాలు నేను రాసిందంతా చదివేసినాడు" అని ఏడ్చింది. కన్నమ్మ నంబరు తీసేశాను. లింకు రద్దు చేశాను. అయినా ఆ రోజు నుంచి మునియమ్మ రాయడం మానేసింది.

ఇప్పటిదాకా మీ దగ్గర ఒకటి దాచాను. ఇక దాచను. జనవరిలో మిమ్మల్ని తీసేయమన్నది రఘు కాదు. రఘు మాటను నేను ఎన్నోసార్లు పక్కన పెట్టాను. ఆ వాక్యం చూసిన రోజు మునియమ్మే ఫోను చేసి చెప్పింది. "ఆయప్పన్నా ఉండాల, నేనన్నా ఉండాల. నువ్వే చెప్పవే." నేను దాన్ని ఉంచుకున్నాను.

నేను అడిగిన ప్రశ్నకు మీరు జవాబివ్వలేదు.

ధనమ్మ


తిరునిన్రవూరు,
జూన్ 9.

చెల్లెలు ధనమ్మకు,

నెల దాటి పది రోజులైంది. నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. కన్నమ్మకు అంతా చెప్పాను. నా పేరు పెట్టుకొని దొంగతనానికి పోయినావా అని మూడు రోజులు మాట్లాడలేదు. అదీ న్యాయమే.

నీ ప్రశ్నకు జవాబు. కబురు పంపాల్సినవాణ్ణి నేను. సమయానికి పంపలేదు.

అమ్మ పడకలో ఉన్న చివరి మూడు రోజులూ మునియమ్మను అడిగింది. దేవా ఇంటి పక్క బట్టల షాపు ఫోను నంబరు కాగితం మీద నా జేబులో ఉంది. మన బస్టాండు దగ్గర ఎస్.టి.డి. బూత్ ఉంది. రెండుసార్లు దాని ముందు నుంచే మందులకు పోయి వచ్చాను. ఫోను చేయలేదు. మనల్ని కాదని పోయినదాన్ని నేను పిలిచేదేమిటి అనుకున్నాను. అమ్మ పోయింది. శ్మశానం నుంచి తిరిగొచ్చాక ఆ నంబరుకు చేసి, షాపులో ఎవరో తీస్తే, "మునెమ్మతో చెప్పండి, వాళ్ళమ్మ లేదు" అని పెట్టేశాను.

అమ్మ పోయిన నాలుగో దినం అది వచ్చింది. చంకలో పిల్ల. వీధిలో నిలబడి "అన్నా, అన్నా" అని పిలిచింది. నేను లోపల గడియ పెట్టుకొని కూర్చున్నాను. ఎండ నడినెత్తికి వచ్చేదాకా పిలిచి పోయింది.

ఆ తర్వాత ఊళ్ళో ఎవరడిగినా "అది రాలేదు" అని చెప్పాను. ఇరవై నాలుగేళ్ళు చెప్పాను. చెప్పి చెప్పి నాకే అట్లా జరిగినట్టు అనిపించసాగింది. జనవరిలో గ్రూపులో రాసినప్పుడు కూడా నిజమే రాస్తున్నాననుకున్నాను. నువ్వు ఏ రోజు అని అడిగావు చూడు, అప్పుడు నాలుగో దినం గుర్తొచ్చింది.

గ్రూపులో చేర్చమని ఇక అడగను. దొంగతనంగా చదివినవి మరిచిపోవాలని చూస్తున్నాను, మరపు రావడం లేదు. అందులో ఒక్కటి కూడా నా మీద కోపంగా లేదు. నా పేరే లేదు. బడి ఉంది, అమ్మ ఉంది, దారిలో రేగుపండ్లు ఉన్నాయి, పక్కన నడిచిన అన్న మాత్రం లేడు. అది చదువుతుంటే కోపంగా ఉన్నా బాగుండేదనిపించింది.

ఈ జాబు నువ్వు ఎవరికి చూపించినా నాకు అభ్యంతరం లేదు. దీనికి నియమమేమీ లేదు.

నటరాజ్


పళ్ళిపట్టు,
జులై 12.

నటరాజన్నకు,

నీ జాబును ఫొటో తీసి పంపడానికి చేతులు రాలేదు. షాపు మా ఆయనకు అప్పగించి, బస్సులో తిరుత్తణి పోయి, అక్కడి నుంచి రైల్లో చెన్నై, మళ్ళీ గుమ్మిడిపూండి లోకల్ ఎక్కి మింజూరులో దిగాను. మధ్యాహ్నమైంది.

అది కుట్టుమిషను ముందు ఉంది. జుట్టు సగం నెరిసింది. కళ్ళద్దాలు పెట్టుకొని నీ జాబును నిలబడే చదివింది. మళ్ళీ మొదటికి వచ్చి చదివింది. తర్వాత మిషను మీద ఉన్న జాకెట్టు ముక్కను మడిచి పక్కన పెట్టింది.

"వీధిలో నిలబడినానని రాసినాడు. యాడ నిలబడినానో రాయలేదు" అంది.

"యాడనే?"

"మా గుమ్మం ముందరే, కోళ్ళ గంప పక్కన. అమ్మ ఉంటే నన్ను వీధిలో పెట్టనిస్తాదా? పిల్ల నీళ్ళకేడిస్తే ఎదురింటోళ్ళు ఇచ్చినారు. మా ఇంట్లో నుంచి రాలేదు."

నేను కదిలించలేక కదిలించలేక అడిగాను, "గ్రూపులో చేర్చమంటావా? నువ్వు సరే అంటేనే."

"వద్దు" అంది వెంటనే. "అది నాది ధనా. ఆడ నేను ఎస్తేర్‌గా గూడా ఉండా, మునెమ్మగా గూడా ఉండా. ఎవురూ ఏమీ అడగరు. ఆడికి ఆయప్ప వద్దు. మళ్ళా రాస్తా నేను, కొన్నాళ్ళు పోనీ."

సరేనని చెప్పులేసుకున్నాను. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి పిలిచింది.

"ఇంటికి కావాలంటే రమ్మను. ఒగ ఆదివారం. ప్రార్థన ముగిసి పదకొండుకు ఇంటికొస్తాం. ఒక్కణ్ణే రమ్మను. ఏమీ తేవద్దను. నేను మాట్లాడతానని మాత్రం చెప్పొద్దు, నాకే తెలీదు."

అది చెప్పమన్నది చెప్పమన్నట్టే రాశాను.

చెల్లెలు ధనమ్మ


తిరునిన్రవూరు,
ఆగస్టు 6.

చెల్లెలు ధనమ్మకు,

మొన్న ఆదివారం పోయి వచ్చాను. నువ్వు అడగకపోయినా రాస్తున్నాను.

పదింటికే మింజూరు స్టేషనులో దిగి గంటసేపు ప్లాట్‌ఫారం బెంచీ మీదే కూర్చున్నాను. వట్టి చేతులతో పోవడం ఎట్లాగో తెలియలేదు. పూలు కొని, ఏమీ తేవద్దన్న మాట గుర్తొచ్చి, స్టేషను బయట ఊడ్చే ఆమెకు ఇచ్చేశాను.

దేవా తలుపు దగ్గర ఎదురొచ్చాడు. "రా బావా" అన్నాడు. మా ఇంటి మనుషుల్లో ఒక్కరం కూడా ఆ మనిషిని ఇన్నేళ్ళలో ఆ మాట అనలేదు. కుర్చీ వేసి, ఫ్యాను తిప్పి, పని ఉందని బయటికి పోయాడు. పని లేదని ఇద్దరికీ తెలుసు.

మునియమ్మ నీళ్ళు తెచ్చి స్టూలు మీద పెట్టింది. నా మొహం చూడలేదు. తలుపు చెక్కకు ఆనుకొని కింద కూర్చుంది. నేను క్షమాపణ మాట ఒకటి రైల్లో తయారు చేసుకొని పోయాను. మొదలుపెట్టాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"అదంతా ధనమ్మ తెచ్చిన జాబులో చదివినా. ఇంకోటి చెప్పు. అమ్మ నన్ను అడిగిందని రాసినావు. ఏమని అడిగింది?"

ఇది అడుగుతుందని నేను అనుకోలేదు. ఈ మాట తెలిసినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే. కన్నమ్మకు కూడా చెప్పలేదు.

చెప్పాను. "రోడ్డు మీద బస్సు నిలబడిన చప్పుడు వినపడితే కళ్ళు తెరిసేది. 'మునెమ్మ దిగిందేమో చూడురా' అనేది. నేను గుమ్మం దాకా పోయి నిలబడి వచ్చేవాణ్ణి. 'లేదుమా' అనేవాణ్ణి. 'వచ్చే బస్సులో వస్తాదిలే' అని కళ్ళు మూసుకొనేది."

"నువ్వు పోయి చూసేవాడివా?"

"చూసేవాణ్ణి. నువ్వు రావని తెలుసు. నేను పిలవలేదు కదా. అయినా పోయి నిలబడేవాణ్ణి."

"అప్పుడు మనూరికి దినానికి ఎన్ని బస్సులు?"

"నాలుగు."

"మూడు దినాలు" అంది. వేళ్ళు మడిచి లెక్క పెట్టుకుంటోందని చూశాను. తల దించుకున్నాను. ఇక లేచి పొమ్మంటుందనుకున్నాను. కూర్చున్న చోటు నుంచి కొంచెం ఇవతలికి జరిగింది. ముప్పై ఏళ్ళ తర్వాత నా మొహం చూసింది.

"అమ్మ అన్నట్టే అను. మొదట్నించి మళ్ళా చెప్పన్నా" అంది.

చెప్పాను.

నటరాజ్